ఎవరి వంతు ముందు?

రేపల్లె పక్కనున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) ఒక కొత్త వైద్య పథకం ఈ ఏడాది వచ్చి, బాపట్ల వైపు పీహెచ్‌సీకి వచ్చే ఏడాది వస్తుందనుకోండి. పలుకుబడి ఉన్న ఊరో, డాక్టరు చురుగ్గా ఉన్న ఊరో ముందు అందుకుంటుంది. ఆ తర్వాత అక్కడ బీపీలు తగ్గితే అది పథకం గొప్పా, డాక్టరు గొప్పా? ఈ చిక్కుముడి విప్పడానికి పుట్టిందే, ఎవరికి అందాలో చీటీ తీసి తేల్చే పద్ధతి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ అందరికీ చాలినంత లేదు. గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్‌కు ఆ కొరతే కలిసొచ్చింది. 107 మంది క్షయ రోగుల్లో మందు ఎవరికో మూసిన కవర్లలోని చీటీలు చెప్పాయి. 55 మందికి మందు, 52 మందికి మంచం మీద విశ్రాంతి మాత్రమే. ఆరు నెలల్లో మందు అందినవాళ్లలో నలుగురు, అందనివాళ్లలో 14 మంది పోయారు. ఆ ఫలితం 1948లో అచ్చయింది.

1956లో మద్రాసులో మొదలైన పరీక్షలో ప్రశ్న మందు గురించి కాదు, మంచం గురించి. క్షయ రోగి శానటోరియంలోనే ఉండాలా, ఇరుకింట్లో ఉండి అవే మందులు మింగితే చాలదా? 193 మందిని చీటీతో రెండు జట్లు చేశారు. ఏడాది గడిచేసరికి తేడా స్వల్పమే. వైద్యం ఎక్కడ, ఎలా అందించాలన్న సంగతి కూడా చీటీ తేల్చగలదని అప్పుడు తెలిసింది.

కానీ ఊరి సంగతి వేరు. తెనాలిలో ఒక వీధి ఆశా కార్యకర్తకు కొత్త పద్ధతి నేర్పి, పక్క వీధి ఆమెకు నేర్పకపోతే, సాయంత్రానికి అరుగు మీదే ఆ పాఠం అయిపోతుంది. అందుకే పీహెచ్‌సీ మొత్తానికి ఒకే చీటీ. దాంతో లెక్క కష్టమవుతుంది. అందరికీ అదే డాక్టరు, అదే మందుల బీరువా. వెయ్యి మందిని చూసినా వెయ్యి వేర్వేరు సాక్ష్యాలు కావు.

మరి చీటీ తగలని ఊళ్ల గతేమిటి? దీనికి జవాబు గాంబియాలో దొరికింది. 1986 నుంచి అక్కడ హెపటైటిస్-బి టీకాను ప్రాంతాలవారీగా నాలుగేళ్లపాటు పెంచుకుంటూ పోయారు. చివరికి అందరికీ అందుతుంది. చీటీ తేల్చేది వంతు ఒక్కటే.

మన పశ్చిమ గోదావరిలో స్మార్ట్‌హెల్త్ పరీక్ష ఇదే దారి పట్టింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 18 పీహెచ్‌సీలు, 54 ఊళ్లు తీసుకున్నారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి గుండెజబ్బు ముప్పు లెక్కగట్టారు. ఆరు నెలలకొక మెట్టు, మెట్టుకు కొన్ని పీహెచ్‌సీలు చీటీ వంతు ప్రకారం పథకంలో చేరాయి. ఇందులోనూ ఓ మెలిక ఉంది. చలికాలంలో బీపీ పెరుగుతుంది, వేసవిలో తగ్గుతుంది. కాలం చేసిన పనిని పథకం ఖాతాలో వేయకుండా లెక్కలో విడదీయాలి.

ఫలితం 2019లో వెలువడింది. పథకం ఉన్న కాలంలో బీపీ అదుపులో ఉన్నవాళ్లు 41.2 శాతం, లేని కాలంలో 39.2 శాతం. లెక్కలన్నీ సరిచూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరూ మెచ్చే ఆలోచనే అయినా ఫలితాన్ని ఉన్నదున్నట్టు ప్రకటించారు. చీటీ తీయకపోయి ఉంటే ఆ 41ని ఫ్లెక్సీ మీద వేసి ఊరంతా కట్టేవాళ్లం.