డాక్సీసైక్లిన్

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ వర్గానికి చెందిన యాంటీబయాటిక్ ఔషధము. బాక్టీరియా వలన కలిగే అనేక వ్యాధుల చికిత్సలో దీనిని వాడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అత్యవసర ఔషధాల జాబితాలో ఇది ఉన్నది. ధర తక్కువే అయినా, మ్రింగే పద్ధతి తెలియకపోతే ఈ మందు హాని చేయగలదు.

చరిత్ర

టెట్రాసైక్లిన్ వర్గములో మొదటి ఔషధము ఆరియోమైసిన్. భీమవరములో జన్మించిన డా. యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలములో, అక్కడి శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ దీనిని మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి కనుగొన్నాడు. 1948లో ఈ విషయము లోకానికి వెల్లడైనది. తరువాత ఫైజర్ సంస్థ ఇదే వర్గములో డాక్సీసైక్లిన్‌ను రూపొందించగా, 1967లో అమెరికాలో అనుమతి లభించినది.

పనిచేయు విధానము

ఈ మందు బాక్టీరియా కణములోని రైబోజోములకు అంటుకొని మాంసకృత్తుల తయారీని అడ్డుకుంటుంది. సాధారణముగా ఇది బాక్టీరియాను నేరుగా చంపదు, వాటి పెరుగుదలను ఆపుతుంది. మిగిలిన పనిని శరీరములోని రోగనిరోధక శక్తి పూర్తి చేస్తుంది. జలుబు, డెంగ్యూ వంటి వైరస్ వ్యాధులపై ఇది పనిచేయదు.

ఉపయోగాలు

స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్, కలరా, కొన్ని రకాల న్యుమోనియా, కొన్ని లైంగిక వ్యాధులు, మొటిమలు మొదలైన వాటికి దీనిని ఇస్తారు. వీటిలో స్క్రబ్ టైఫస్ ముఖ్యమైనది. పొదలలో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే అతి చిన్న పురుగు కుట్టుట వలన ఈ జ్వరము వస్తుంది. కుట్టిన చోట కొందరికి నల్లని పక్కు కడుతుంది. ఆలస్యమైతే ప్రాణాపాయము కలుగవచ్చును. కావున వైద్యులు అనుమానము బలముగా ఉన్నపుడు పరీక్షా ఫలితము కొరకు ఆగకుండా ఈ మందును మొదలుపెడతారు.

వాడే పద్ధతి

పెద్దలకు సాధారణముగా 100 మిల్లీగ్రాముల మోతాదును రోజుకు రెండుసార్లు ఇస్తారు. మోతాదును, ఎన్ని రోజులు వాడాలో వైద్యుడే నిర్ణయించాలి.

* మాత్రను నిండు గ్లాసు నీటితో మ్రింగాలి. తరువాత కనీసము అరగంట పడుకొనరాదు. మాత్ర అన్నవాహికలో చిక్కుకుంటే అక్కడ పుండు పడుతుంది.
* కడుపులో వికారముగా ఉంటే ఆహారముతో తీసుకొనవచ్చును. పాలతో మాత్రము తీసుకొనకపోవుట మేలు.
* ఐరన్, కాల్షియం మాత్రలకు, యాంటాసిడ్ మందులకు, దీనికి మధ్య 2 నుండి 3 గంటల ఎడము ఉండాలి. లేనిచో మందు రక్తములో సరిగా చేరదు.
* ఒక మోతాదు మరచిపోతే గుర్తుకు రాగానే వేసుకోవాలి. తరువాతి మోతాదుకు సమయము దగ్గరపడితే మరచినది వదిలివేయాలి. రెండూ కలిపి వేసుకొనరాదు.
* జ్వరము తగ్గినదని, వైద్యుని అడగకుండా మధ్యలో మానరాదు. మిగిలిన మాత్రలను ఇతరులకు ఇవ్వరాదు.

జాగ్రత్తలు

ఈ మందు వాడేవారి చర్మము ఎండకు త్వరగా కమిలిపోతుంది. పొలములో పనిచేసేవారు నిండు చేతుల చొక్కా, తలపాగా ధరించుట మంచిది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ విషయమును వైద్యునికి ముందే తెలపాలి. రక్తము పలుచబడుటకు వాడే వార్ఫరిన్, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ తీసుకునేవారు కూడా చెప్పాలి.

పళ్ళు రంగు మారతాయని 8 సంవత్సరాలలోపు పిల్లలకు సాధారణముగా దీనిని ఇవ్వరు. అయితే స్క్రబ్ టైఫస్ వంటి ప్రమాదకర వ్యాధులలో, మేలు ఎక్కువ కనుక, వైద్యులు వారికి కూడా కొద్ది రోజులపాటు ఇస్తారు.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, మ్రింగునపుడు నొప్పి, ఒళ్ళంతా దద్దురు, ముఖము వాచుట, ఊపిరి ఆడకపోవుట, ఆగని విరేచనాలు కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి.

అమ్మకపు నిబంధనలు

భారతదేశములో ఇది షెడ్యూల్ హెచ్ ఔషధము. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. అనవసరముగా వాడినకొద్దీ మందుకు లొంగని బాక్టీరియా పెరిగి, నిజముగా అవసరమైన రోగికి మందు పనిచేయని స్థితి ఏర్పడుతుంది.

ఇవి కూడా చూడండి

* యల్లాప్రగడ సుబ్బారావు
* స్క్రబ్ టైఫస్
* పెన్సిలిన్