జగ్గయ్యపేట–నందిగామ మెట్టలో వర్షపాత చరిత్ర

పూర్వపు కృష్ణా జిల్లాకు వాయవ్యాన, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న మెట్ట ప్రాంతమిది. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ఏడాది వానలో సుమారు మూడింట రెండు వంతులు జూన్–సెప్టెంబరు నైరుతి రుతుపవనాలవే. మిగిలినదానిలో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరులలో ఈశాన్య రుతుపవనాలతోనూ, బంగాళాఖాతంలోని వాయుగుండాలతోనూ వస్తుంది. సాలు మొత్తం లెక్క చూస్తే ఇది కరువు సీమ అనిపించదు. కానీ నల్లరేగడిలో పత్తి గింజ పెట్టాక మృగశిర, ఆరుద్ర కార్తెల్లో రెండు మూడు వారాలు బెట్ట పడితే మొలక మాడిపోతుంది, మళ్ళీ గింజ కొనాలి. అదే పత్తి కాయ పగిలే వేళ ముసురు పడితే తడిసి రంగు మారుతుంది. సగటు వర్షపాతంలో ఈ రెండు నష్టాలూ కనిపించవు.

1832–33లో నందననామ సంవత్సరపు డొక్కల కరువు గుంటూరు, మచిలీపట్నం ప్రాంతాలను కబళించింది. ఆ కరువు తరువాత 1850లలో బెజవాడ దగ్గర కృష్ణకు కట్టిన ఆనకట్ట డెల్టాను తడిపింది. ఎగువనున్న నందిగామ తాలూకా మాత్రం వానకూ, చెరువులకూ, మున్నేరు, పాలేరు, వైరా, కట్టలేరు వంటి ఏళ్ళకూ కట్టుబడే ఉండిపోయింది.

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ కూర్చిన ఉపమండలాల వారీ వర్షపాత శ్రేణులు 1871 నుంచి మొదలవుతాయి. వాటిలో దేశవ్యాప్త వర్షాకాలపు మొత్తం ఒకే దిశలో పెరిగినట్టో తగ్గినట్టో తేలలేదు. కొన్ని దశాబ్దాలు మంచి వానలు, కొన్ని దశాబ్దాలు తరచు కరువులు కనిపిస్తాయి. అయితే 1951–2000 మధ్య మధ్యభారతంలో అతిభారీ వానలు పెరిగి, మోస్తరు వానలు తగ్గాయని గోస్వామి బృందం 2006లో చూపింది. ఒక్కో తాలూకాకు ఇలాంటి నిర్ధారణ కష్టం. 1985లో తాలూకాలు మండలాలుగా చీలాక కొలత కేంద్రాలు పెరిగాయి గనుక, పాత అంకెలను కొత్తవాటితో సూటిగా పోల్చకూడదు.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదల కావడంతో ఇక్కడి సేద్యం మారింది. సాగర్‌కు కృష్ణ నీరు చేరాలి గనుక, దాని ఎడమ కాలువ చివరి భూములకు ఇప్పుడు పడమటి కనుమల వాన కూడా కావాలి. 2002లో దేశమంతటా వర్షాకాలపు వాన 19 శాతం తగ్గింది. కృష్ణా బేసిన్ ఎండిన ఆ రోజుల్లో కాలువ కింది రైతులూ వర్షాధారపు రైతులూ ఒకే కష్టం పడ్డారు.

2023 ఈ మెట్ట స్వభావాన్ని ఒక్క ఏడాదిలో చూపింది. జులై చివర మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద విజయవాడ–హైదరాబాద్ రహదారిని ముంచింది. మరుసటి నెల, 1901 నుంచి నమోదైన ఆగస్టులన్నిటిలోకీ దేశంలో అతి తక్కువ వాన పడిన ఆగస్టు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో మళ్ళీ జగ్గయ్యపేట, వత్సవాయి ప్రాంతాలపై కుండపోత కురిసింది. మున్నేరు వరద మాత్రం ఇక్కడి వానతోనే తేలేది కాదు. ఆ ఏరు వరంగల్ వైపు పుట్టి, ఖమ్మం మీదుగా ప్రవహించి వస్తుంది. అందుకే నందిగామలో ముందస్తు హెచ్చరికకు ఎగువన తెలంగాణలో పడే వాన లెక్క కూడా తప్పనిసరి.