వేస్టు

బంటుమిల్లి ప్రాంతమున నలుగురు కూడి మాటలాడుచోట 'వేస్టు' అను మాట వినబడక మానదు. పెండ్లిలో మిగిలిన యన్నము వేస్టు. కొలువు దొరకని చదువు వేస్టు. పొలమునకు చేరక డ్రెయినులో కలిసిన నీరు వేస్టు. తుదకు పనిలేని మనుష్యుడును వేస్టే. ఇంగ్లీషక్షర మెరుగని ముసలమ్మయు దీనిని ఇంటిమాటవలె వాడుచున్నది. ఇంత చనువుగా మన యిండ్లలో తిరుగు మాట యెక్కడిదో విచారించుట అనవసరము కాదు.

దీని మూలము లాటిను భాషలోని 'వాస్టుస్'. శూన్యము, నిర్జనము, అపారము అని దాని యర్థములు. 'వాస్ట్', 'డివాస్టేట్' అను ఇంగ్లీషు మాటలును దాని సంతానమే. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట వారి ఫ్రెంచి రూపముగా ఇది ఆ దేశమున వ్యాపించెను. కావున వేస్టు మొదట ఖర్చును గూర్చిన మాట కాదు, మనుష్యసంచారము లేని నేలను గూర్చిన మాట. ఊరిని కొల్లగొట్టి అట్టి నేలగా చేయుట మరియొక యర్థము. ఉన్న సొమ్మును అట్లే శూన్యము చేయుట వేరొక యర్థము.

ఈ త్రోవ తెలుగునకు క్రొత్తది కాదు. ఊరు పాడుపడినదందుము, సొమ్ము పాడుచేసినాడందుము. మన 'పాడు' సరిగా ఇట్లే నడచినది. 'వ్యర్థము' అనగా అర్థము, అనగా ప్రయోజనము, తొలగినది. పారసీకమునుండి ఉర్దూ మూలముగా వచ్చిన 'దుబారా'కు మొదటి యర్థము రెండవమారు అని మాత్రమే. తాతలనాటి యాస్తిని తగలేసినాడనియు, హారతికర్పూరము చేసినాడనియు చెప్పునపుడు మనకు నిప్పు కనబడును. ఒక్క దోషమునే ఒక్కొక్క మాట ఒక్కొక్క వైపునుండి చూపుచున్నది.

అయితే మాట తప్పుత్రోవ చూపుటయు కలదు. మద్రాసు రాజధాని రెవిన్యూ లెక్కలలో 'అసెస్డ్ వేస్టు' అను పద్దు ఉండెడిది. శిస్తు నిర్ణయింపబడియు రైతు చేత సాగులో లేని భూమి అని దాని యర్థము. శిస్తు కట్టుటకు వీలుకాని యితర భూమి వేరొక పద్దునకు పోయెడిది. ఇది ఖజానాకు సంబంధించిన లెక్కయే గాని నేల గుణమును గూర్చిన తీర్పు కాదు. కాని వ్రాసినవాడు శిస్తు రాని నేల యని వ్రాయగా, చదివినవాడు పనికిమాలిన నేల యని చదివెను. పశువులు మేసిన బీడు, పేదలు వంటచెరకు తెచ్చుకొనిన తీరపు మడయడవి, అన్నియు ఆ యొక్క మాటలో మునిగిపోయెను. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన వచ్చి వేలకొలది ప్రాణములను గొనిపోయినది. కెరటముల వేగమును మడచెట్లు కొంత యణచునని నేడెరుగుదుము. వేస్టు అనుకొన్నది మనకు అడ్డుగోడ!

నీటి విషయమును ఇట్టిదే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మటనే ఈ డెల్టా అన్నపూర్ణ యయ్యెను. కరవునకు బెదరిన ఆ కాలమున, నదీజలము సముద్రమున కలియుట వేస్టని పలుకుట సహజము. నేడును సభలలో అదే పలుకు వినబడుచున్నది. కాని నది పారుట మానినచో ఉప్పునీరు మొగ నుండి లోనికి ఎగబ్రాకును, బావినీరు చవుడెక్కును, నదీముఖమున గ్రుడ్లు పెట్టు చేపలు తరుగును. సముద్రమునకు పోవు నీటిలో కొంత వృథా కావచ్చును. కొంత మాత్రము తీరపు గ్రామములు తమ నేలకై చెల్లించు కాపలా కూలి. ఎగువ రైతునకు వేస్టుగా తోచునది, కాలువ చివరనున్న బంటుమిల్లి రైతునకు ప్రాణాధారము.

ఇంగ్లీషువారి చట్టములో ఈ మాటకు మరియొక యర్థము కలదు. ఇతరుల హక్కున్న ఆస్తిని చేతనుంచుకొన్నవాడు దానిని చెడగొట్టుటయే వేస్టు. 1267 నాటి మార్ల్‌బరో శాసనము కౌలుదార్లకు దానిని నిషేధించెను. మన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టపు 66వ సెక్షను తాకట్టు విషయమున ఆ మాటనే వాడినది.

చదువరులారా, నాకు ఈ యర్థమే నచ్చినది. ఖర్చుపెట్టిన దెంత యని గాక, మన తరువాత రావలసినవాని కేమి మిగిలినదని యిది అడుగుచున్నది. అప్పుచేసి చేసిన పెండ్లియు, ఉప్పెక్కిన చేనును ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసియుండును. ఇకమీదట ఒకదానిని వేస్టనునపుడు, అది ఎవరికి వేస్టో కూడ చెప్పుట నేర్చుకొందము.