మాక్ కెర్నల్‌లో వర్చువల్ మెమొరీ: కార్నెగీ మెలన్ నేపథ్యం, రాజ్ రెడ్డి స్థానం

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డికి 1994లో ట్యూరింగ్ పురస్కారం లభించింది కృత్రిమ మేధ రంగంలో చేసిన కృషికి. ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్రలోనూ ఆయన ప్రస్తావన అవసరమవుతుంది. 1980ల ఆరంభంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన, సహచరులు ‘త్రీ ఎమ్’ యంత్రాన్ని ప్రతిపాదించారు. ఒక మెగాబైట్ మెమొరీ, పది లక్షల చుక్కల తెర, సెకనుకు పది లక్షల ఆదేశాల వేగం దాని కొలతలు.

ఒక మెగాబైట్‌లో పెద్ద ప్రోగ్రాములు ఇమడవు. మాంచెస్టర్‌లో 1962లో పనిచేయడం మొదలుపెట్టిన అట్లాస్ కంప్యూటర్ ఇందుకు దారి చూపింది. ప్రోగ్రాముకు కనిపించే చిరునామాలు వేరు, అసలు మెమొరీలోని స్థానాలు వేరు. రెండింటినీ కలిపేది పుటల పట్టిక. 1977 నాటి వ్యాక్స్ యంత్రం 4 గిగాబైట్ల చిరునామా క్షేత్రాన్ని నాలుగు సమభాగాలు చేసింది. మొదటిది ప్రోగ్రాముకు, రెండవది స్టాక్‌కు, మూడవది కెర్నల్‌కు కేటాయించి, నాలుగవదాన్ని భవిష్యత్తుకు విడిచింది. పుట పరిమాణం 512 బైట్లు, పట్టికలో ప్రతి పుటకు 4 బైట్ల నమోదు. ఆ లెక్కన ఒక్క భాగాన్ని పూర్తిగా నమోదు చేయడానికే 8 మెగాబైట్ల పట్టిక కావాలి. అది త్రీ ఎమ్ యంత్రపు మెమొరీకి ఎనిమిది రెట్లు. పైగా పట్టిక నిర్మాణం యంత్రానికొక తీరుగా ఉండేది.

అదే విశ్వవిద్యాలయంలో రిచర్డ్ రషీద్ నాయకత్వాన 1985లో ఆరంభమైన మాక్ కెర్నల్ ఈ చిక్కును విడదీసింది. ఏ చిరునామాల పరిధిలో ఏ వస్తువు ఉన్నదో తెలిపే జాబితాను కెర్నల్ యంత్రంతో నిమిత్తం లేకుండా భద్రపరుస్తుంది. యంత్రం చదివే పట్టికను ‘పీమ్యాప్’ అనే చిన్న భాగానికి అప్పగిస్తుంది. పట్టికలోని నమోదులను తొలగించినా, అవసరమైనప్పుడు జాబితా ఆధారంగా తిరిగి నిర్మించవచ్చు. అందువల్ల చిరునామా క్షేత్రమంతటికీ పట్టికను ముందే నింపనక్కరలేదు. కొత్త యంత్రానికి మార్చినప్పుడు మెమొరీ నిర్వహణలో తిరగరాయవలసింది ప్రధానంగా పీమ్యాప్‌నే. రషీద్, ఎవీ టెవానియన్ తదితరులు 1987లో ఈ విధానాన్ని ప్రకటించారు.

త్రీ ఎమ్ ఆశయంతో రూపొంది 1988లో వెలువడిన నెక్స్ట్ కంప్యూటర్ మాక్‌పైనే నడిచింది. 1993 నాటి 4.4 బీఎస్‌డీ మాక్ మెమొరీ పద్ధతిని స్వీకరించింది. నేటి మ్యాక్ ఓఎస్ కెర్నల్ కూడా ఆ వారసత్వానిదే.

మాక్ రూపకర్తలు రషీద్ బృందం. ఆ కీర్తిని రాజ్ రెడ్డికి ఆపాదించడం చరిత్రకు అన్యాయం. పరిశోధకుని బల్లపై ఎటువంటి యంత్రం ఉండాలో కొలతలతో నిర్దేశించడమే ఈ కథలో ఆయన స్థానం. పరిష్కారం కనుగొన్నవారినీ, అవసరాన్ని స్పష్టపరచినవారినీ విడివిడిగా గుర్తించినప్పుడే ప్రవాసాంధ్రుల సాంకేతిక చరిత్ర అభినందన సంచికల పరిధిని దాటి చరిత్రగా నిలుస్తుంది.