ఫెజ్ నగరమున నొక్క దినము

మొరాకో దేశమందలి ఫెజ్ నగరమున నాకు చిక్కినది ఒక్క దినము. తోడివారు రాజభవనమునకు రమ్మనిరి. అచ్చట ఇత్తడి తలుపులు చూచి మరలవలసినదే, లోనికి ప్రవేశము లేదు. బడిపంతులను గనుక నేను విద్యాస్థానములనే కోరుకొంటిని.

బూజెలూద్ ద్వారమునుండి దారి పల్లమునకు దిగును. తిరుగుదారికి కాళ్లలో సత్తువ మిగుల్చుకొనవలయును. బండ్లు చొరని సందులవి. కంచరగాడిదలవారు "బాలక్, బాలక్" అని కేకలిడగా, ఏ బాలకుని పిలుచుచున్నారోయని నిలిచి చూచితిని. తొలగుమని దాని యర్థమట! ఒక మూట నా భుజమును రాచుకొనిపోయినది.

మొదట బూ ఇనానియా పాఠశాల. మరీనీ వంశపు సుల్తాను అబూ ఇనాన్ 1350-1355 నడుమ కట్టించెను. నమాజువేళ అన్యులను రానీయరు గనుక ప్రొద్దుననే పోవలయును. దేవదారు చెక్కడముల నీడను, చలువరాతి ముంగిట గంటసేపు కూర్చుంటిని. ఎదుటియింటి గోడకు 1357 నాటి జలగడియారపు కిటికీలు గలవు. మన గడికుడుక నీట మునిగి వేళ తెల్పినట్లు, అందు కంచుగిన్నెలలో గుండ్లు పడి తెల్పెడివట.

కడపట ఖరవియ్యీన్ మసీదు. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ యను స్త్రీ స్థాపించెనని ప్రసిద్ధి. శతాబ్దములపాటు విద్యార్థులు దూరదేశములనుండి చేరిన చోటది. ముస్లిములు కానివారికి ప్రవేశము లేదు. గడప యివతల నిలిచి లోని స్తంభముల వరుసను చూచుచుంటిని. తోళ్లు పదునుచేయు తొట్లు దగ్గరనే యున్నవనిరి. పొద్దు క్రుంకువరకు ఆ గడపను విడువలేకపోయితిని.