కేలరీల కథ: ఆకలి లెక్క నుంచి బరువు లెక్క దాకా

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి వెళ్ళిన తెలుగువారికి అక్కడ పరాయి ఊళ్ళో ఉన్నట్టు అనిపించదు. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం ప్రకారం దుర్గ్ పక్కన వెలసిన ఉక్కునగరం అది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి వచ్చినవారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. సెక్టార్లుగా కట్టిన క్వార్టర్ల నుంచి కార్మికులు సైకిళ్ళమీద షిఫ్టుకు వెళ్ళేవారు. క్యారియర్‌కు టిఫిన్ డబ్బా ఉండేది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. భారత వైద్య పరిశోధనా మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన అంచనా ప్రకారం 65 కిలోల పురుషుడు బరువు పని చేస్తే రోజుకు 3,470 కిలోకేలరీలు కావాలి. కూర్చుని పని చేస్తే 2,110 చాలు. తేడా 1,360. పార పట్టిన మనిషి మీటలు నొక్కే గదిలోకి మారి, సైకిలు వదిలి మోటారు సైకిలెక్కి, డబ్బా మాత్రం పాతదే తీసుకువెళ్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న వేయాలన్నా ముందు అన్నాన్నీ శ్రమనూ ఒకే కొలతతో కొలవడం తెలియాలి. అది తెలియడానికి రెండు శతాబ్దాలు పట్టింది.

మంచు పెట్టెలో మొదలు

1782-83 శీతకాలంలో పారిస్‌లో లవోయిజర్, లాప్లాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక గినీ పందిని మంచు నింపిన పాత్ర మధ్య గదిలో ఉంచారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. అది వదిలిన బొగ్గుపులుసు వాయువును కూడా కొలిచారు. బొగ్గు మండటమూ ప్రాణి శ్వాసించటమూ ఒకే జాతి చర్యలని వారు తేల్చారు. మన ఒంట్లో మంట లేదు గాని దహనం ఉందన్నమాట! ఆ లవోయిజర్‌నే ఫ్రెంచి విప్లవకాలంలో, 1794లో, గిలోటిన్ కింద చంపారు.

'కేలరీ' అన్న మాటను 1819-24 మధ్య తన ఉపన్యాసాలలో వాడినవాడు నికొలా క్లెమాన్. ఆయన ధ్యాస తిండిమీద కాదు, ఆవిరి యంత్రాలమీద. కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించే ఉష్ణం ఆయన కేలరీ. తర్వాత భౌతికశాస్త్రం గ్రాము నీటికి సరిపడే చిన్న కేలరీని తెచ్చుకుంది. పరీక్షల్లో విద్యార్థుల్ని తికమకపెట్టే గొడవ అక్కడిదే. ఆహారం విషయంలో 'కేలరీ' అంటే ఎప్పుడూ కిలోకేలరీ అనే అర్థం చేసుకోండి. ఈ వ్యాసంలోనూ అంతే.

గదిలో సైకిలు

అమెరికాలోని మిడిల్‌టౌన్ పట్టణంలో 1890లలో విల్బర్ ఆట్‌వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త, భౌతిక శాస్త్రవేత్త రోజాతో కలిసి ఒక విచిత్రమైన గది కట్టాడు. సుమారు ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. లోపలి గోడ రాగి రేకు. గొట్టాలలో పారే నీరు లోపలి వేడిని బయటికి మోసుకుపోయేది. ఆ నీరు ఎంత వేడెక్కిందో చూసి మనిషి ఎంత ఉష్ణం వదిలాడో లెక్కగట్టేవారు. లోపల ఒక మనిషి రోజుల తరబడి ఉండేవాడు. అక్కడే తిండి, నిద్ర, చదువు. ఆహారాన్ని చిన్న కిటికీ గుండా తూచి ఇచ్చేవారు. మలమూత్రాలను కూడా తూచేవారు.

శ్రమను కొలవవలసి వచ్చినప్పుడు ఆ ఇరుకు గదిలో ఏం చేయించాలి? కదలకుండా బిగించిన సైకిలు ఒకటి పెట్టి తొక్కించారు! దానికి డైనమో తగిలించి, మనిషి చేసిన పనిని విద్యుత్తుగా కొలిచారు. తిన్న ఆహారం నుంచి ఒంటికి అందిన శక్తి, ఒంటినుంచి వెలువడిన ఉష్ణమూ పనీ కలిపిన మొత్తం దాదాపు సరిసమానంగా వచ్చాయి. శక్తి నిత్యత్వ సూత్రం ఆవిరి యంత్రానికే కాదు, అన్నం తినే మనిషికీ వర్తిస్తుందని రుజువైంది. గ్రాము పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9 అని మీరు పాఠ్యపుస్తకంలో చదివే సంఖ్యలు ఆట్‌వాటర్ కృషి ఫలితమే.

ఆ శక్తి కండరానికి ఏ రూపంలో అందుతుందన్న ప్రశ్న మరో మూడు దశాబ్దాలు నిలిచింది. దాని జవాబులో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పాలు ఉంది. హార్వర్డ్‌లో ఫిస్కెతో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరం నుంచి వేరుచేసి చూపారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని కనుగొన్నాడు. పెడల్ మీద కాలు పడ్డ ప్రతిసారీ ఖర్చయ్యే చిల్లర నాణెం అదే. అయితే ఖర్చయిన శక్తిలో నాలుగోవంతో అయిదోవంతో మాత్రమే సైకిలును నడుపుతుంది. మిగిలినదంతా వేడి. మే నెల ఎండలో సైకిలు తొక్కేవాడి చొక్కా ఎందుకు తడుస్తుందో తెలిసిందా?

మన దేశంలో కేలరీ: ఆకలి కొలబద్ద

అమెరికాలో ఆట్‌వాటర్ గది కట్టడానికి ఇంకా పదిహేనేళ్ళు ఉందనగా, మన బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు కరువుతో మాడిపోతున్నాయి. 1877 జనవరిలో ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణాకు కుదించాడు. అది చాలదని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆయన చేతిలో కేలరీ లెక్క లేదు. మన చేతిలో ఉంది. పౌను అంటే 454 గ్రాములు. 100 గ్రాముల బియ్యానికి 345 చొప్పున చూసినా 1,570 కేలరీలు కూడా రావు. కుర్చీలో కూర్చునేవాడికే చాలని తిండి అది. దానితో రాళ్ళు కొట్టమన్నారు!

కాబట్టి కేలరీ మన దేశానికి వచ్చింది సన్నబడే కొలతగా కాదు. కూనూరులో 1918లో మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగమే క్రమంగా పోషకాహార పరిశోధనాలయంగా పెరిగింది. అక్కడినుంచి 1937లో ఎక్రాయిడ్ మన ఆహారపదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించాడు. సంస్థ 1958లో హైదరాబాదుకు మారింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1971లో గోపాలన్, ఆయన సహచరులు తెచ్చిన పట్టికలు దేశంలో ప్రతి పోషకాహార విద్యార్థి చేతిలోనూ నలిగాయి. 2017లో సరికొత్త పట్టికలు వచ్చాయి. 1979లో ప్రణాళికా సంఘపు నిపుణుల బృందం పేదరికాన్ని కూడా కేలరీలతోనే కొలిచింది: పల్లెలో 2,400, పట్నంలో 2,100.

జనపనార మిల్లు చెప్పిన సంగతి

ఇక్కడ కాస్త ఆగుదాం. మనం భిలాయి గురించి వేసుకున్న ప్రశ్నను దాదాపు అదే రూపంలో అడిగి, జవాబు వెతికిన పరిశోధన ఒకటి మన దేశంలోనే జరిగింది. కలకత్తా దగ్గర చెంగైల్‌లోని లడ్లో జనపనార మిల్లు దానికి రంగస్థలం. హుగ్లీ తీరపు మిల్లులకు మన ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాలనుంచి ఎందరో కూలీలు వలసపోయిన కాలం ఒకటుండేది. జాన్ మేయర్ అనే పోషణ శాస్త్రవేత్త, రాయ్, మిత్రా అనే భారతీయ సహచరులతో కలిసి 213 మంది ఉద్యోగుల తిండినీ బరువునూ పనినీ పోల్చి 1956లో ప్రచురించాడు.

మిల్లు అంటే ఒకే గేటులోంచి రకరకాల ఒళ్ళు లోపలికి వెళ్ళే చోటు. గుమాస్తాలు, సూపర్‌వైజర్లు, మగ్గాలవారు, మూటలు మోసేవారు, బొగ్గు మోసేవారు. పని తేలిక నుంచి బరువుకు మారుతున్నకొద్దీ తిండి పెరిగింది గాని బరువు పెరగలేదు. శరీరం ఖర్చుకు తగినట్టు ఆకలిని సర్దుకుంటోంది. ఇందులో వింత లేదు. వింత రెండో కొసన ఉంది. పూర్తిగా కూర్చుని ఉండేవారు తక్కువ తినాలి కదా? వాళ్ళు తేలికపని చేసేవారికంటే ఎక్కువ తింటున్నారు, బరువూ ఎక్కువే. అంటే చలనం ఒక మట్టానికి దిగువన పడిపోతే ఆకలి లెక్క తప్పుతుందని మేయర్ ఊహించాడు. ఒక్కసారి చూసిన చూపుతో కారణం ఇదేనని తేల్చలేం. కూర్చునేవారికి జీతం ఎక్కువ, ఇంట్లో నెయ్యీ ఎక్కువే కావచ్చు. అయినా 1956లోనే, అందరూ ఆకలి గురించే మాట్లాడుతున్న దేశంలో, ఈ రెండో కొసను చూడటం గొప్ప విషయమని నా అభిప్రాయం.

ఇవాళ ఆ కొసన ఉన్నవారు కొద్దిమంది కారు. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన ఫలితాల ప్రకారం దేశంలో సుమారు 10 కోట్లమందికి మధుమేహం ఉంది. పెద్దవారిలో 28.6 శాతానికి స్థూలకాయం ఉంది.

లెక్కపెట్టడం, లెక్క తప్పడం

సన్నబడటానికి కేలరీలు లెక్కపెట్టే అలవాటును ప్రచారంలోకి తెచ్చినది లూలూ హంట్ పీటర్స్ అనే అమెరికన్ వైద్యురాలు. 1918లో వచ్చిన ఆమె పుస్తకం 1920లలో విపరీతంగా అమ్ముడుపోయింది. ఆమె కూడా ఒకప్పుడు 200 పౌన్లు దాటిన మనిషే. ఒక ముక్క రొట్టె అనకండి, 100 కేలరీల రొట్టె అనండి అన్నది ఆమె పద్ధతి. యుద్ధకాలంలో ఆడవాళ్ళు బృందాలుగా చేరి వారం వారం బరువు చూసుకోవాలని కూడా చెప్పింది.

1958లో విష్నాఫ్‌స్కీ అనే వైద్యుడు లెక్కగట్టి, పౌను బరువు తగ్గడానికి 3,500 కేలరీలు, అంటే కిలోకు సుమారు 7,700 అన్నాడు. సులువైన సంఖ్య కనుక అందరూ పట్టుకున్నారు. దాన్ని కాస్త సాగదీసి చూడండి. 70 కిలోల మనిషి రోజూ 210 కేలరీలు, అంటే గుప్పెడు బియ్యం తగ్గించాడనుకుందాం. ఏడాదికి పది కిలోలు తగ్గాలి. ఏడేళ్ళకు మనిషే మాయం కావాలి! అలా జరగదని అందరికీ తెలుసు. బరువు తగ్గినకొద్దీ శరీరపు ఖర్చు కూడా తగ్గుతుంది. 2011లో కెవిన్ హాల్, ఆయన సహచరులు గణిత నమూనాతో దీన్ని సరిచేశారు. రోజుకు 24 కేలరీల కోత చివరికి సుమారు కిలో తేడా తెస్తుంది. అందులో సగం రావడానికే ఏడాది, దాదాపు పూర్తి కావడానికి మూడేళ్ళు. మన మనిషి తగ్గేది మొదటి ఏడాది నాలుగున్నర కిలోలు, చివరికి తొమ్మిది. మూడో నెలలో 'ఇంకేం తగ్గటంలేదు' అని విసుగెత్తి మానేసేవారికి ఈ సంగతి ముందే చెప్పేవారుంటే బాగుండును.

ఇది పెద్దలకు చెప్పే లెక్క సుమా. 16-18 ఏళ్ళ అబ్బాయికి రోజుకు 3,320, అమ్మాయికి 2,500 కేలరీలు కావాలి. ఎదిగే వయసులో డాక్టరు చెప్పకుండా తిండి కోసుకోవద్దు.

పొదుపరి యంత్రంతో చిక్కు

సైకిలుతో ఈ 210 కేలరీలు ఖర్చు చేయగలమా? 70 కిలోల మనిషి నింపాదిగా తొక్కితే గంటకు 280 దాకా ఖర్చవుతాయి. ఊరికే కూర్చున్నా 70 అవుతాయి కనుక నికరం 210. సెక్టారు నుంచి ప్లాంటుకు ఆరు కిలోమీటర్లనుకుంటే, రానూపోనూ గంట. సరిగ్గా సరిపోయింది! దారిలో ఒక సమోసా తింటే ఆ లెక్క అక్కడికక్కడే చెల్లు.

చిక్కేమిటంటే, సైకిలు చాలా పొదుపరి. 1973లో విల్సన్ అనే ఇంజనీరు లెక్కవేసి, ఒక గ్రాము బరువును కిలోమీటరు దూరం మోయడానికి నడిచేవాడికంటే సైకిలిస్టుకు అయిదోవంతు శక్తి చాలన్నాడు. బరువైన సైకిలు, ఎదురుగాలి ఉంటే తేడా అంత ఉండదు గాని, దూరానికి దూరం నడకే ఎక్కువ ఖర్చు. మరి సైకిలు గొప్ప ఎక్కడుంది? రోజూ పన్నెండు కిలోమీటర్లు నడిచి షిఫ్టుకు వెళ్ళేవారెందరు? తొక్కి వెళ్ళేవారు వేలమంది. 2017లో బ్రిటన్‌లో 2,63,450 మందిని పరిశీలించినప్పుడు, సైకిలుపై పనికి వెళ్ళేవారిలో గుండెజబ్బులు, మరణాలు తక్కువగా కనిపించాయి. సైకిలే కారణమని దీనితో పూర్తిగా రుజువు కాకపోయినా, కొట్టిపారేయదగినది కాదు.

పక్కన తోడుంటే

ఆట్‌వాటర్ గదిలో సైకిలు తొక్కించిన రోజుల్లోనే, ఇండియానాలో నార్మన్ ట్రిప్లెట్ సైకిలు పందేల రికార్డులు తిరగేస్తున్నాడు. ఒంటరిగా గడియారంతో పోటీపడేవారికంటే పక్కన మరొకరుంటే వేగం ఎక్కువని గమనించాడు. 1898లో 40 మంది పిల్లలచేత గాలపు చక్రాలు తిప్పించి పరీక్షించాడు. సామాజిక మనస్తత్వశాస్త్రంలో తొలి ప్రయోగాలలో ఒకటిగా పేరుపడిందది. 2005లో ఆ అంకెల్నే కొత్త గణాంక పద్ధతులతో చూస్తే ప్రభావం చాలా బలహీనమని తేలింది.

న్యూయార్కులో జీన్ నైడెచ్ అనే గృహిణి 1961లో ఆరుగురు స్నేహితురాళ్ళను ఇంటికి పిలిచి బరువు కబుర్లు మొదలుపెట్టింది. 1963కల్లా అది వెయిట్ వాచర్స్ అనే సంస్థ అయింది. ఆమె దగ్గర కొత్త ఆహారశాస్త్రమేమీ లేదు. వారం వారం ఎదురుచూసే మనుషులున్నారు.

మన దేశంలో తోటివారి ప్రోత్సాహాన్ని శాస్త్రీయంగా పరీక్షించిన పని కేరళలో జరిగింది. తిరువనంతపురం జిల్లాలో 60 పోలింగ్ ప్రాంతాలనుంచి మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 1,007 మందిని తీసుకున్నారు. సగం ప్రాంతాలలో ఊరివారిలోంచే నాయకులను ఎంచి శిక్షణ ఇచ్చి, ఏడాదిపాటు బృందాలుగా నడిపించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. బృందాలలో ఉన్నవారిలో 14.9 శాతానికి, లేనివారిలో 17.1 శాతానికి మధుమేహం వచ్చింది. ఇంత చిన్న తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చని గణాంకశాస్త్రం అంటుంది. అయితే కూరగాయలు, పండ్లు తినడం పెరిగింది, తాగుడు తగ్గింది. ఉక్కునగరంలో ఒకే షిఫ్టు, ఒకే గేటు, ఒకే కాంటీను ఉన్నవారితో ఇలాంటి ప్రయోగం చేస్తే అంకెలు ఎలా ఉంటాయో, మీలో ఎవరైనా గణాంకశాస్త్రం చదివి చూడవచ్చు.