స్వరకర్తగా బాలు: గొంతు వెనుక మరుగున పడిన ప్రయాణం

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఆయన గొంతు. ఆయన నలభైకి పైగా చిత్రాలకు సంగీతం సమకూర్చిన విషయం మాత్రం అంతగా చర్చకు రాదు.

హరికథా కళాకారుడు సాంబమూర్తి కుమారుడైన బాలు 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో గాయకుడయ్యారు. అవకాశం ఇచ్చింది సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఇతరుల బాణీలే పాడారు. 1977లో దాసరి నారాయణరావు చిత్రం ‘కన్యాకుమారి’తో సంగీత దర్శకుడయ్యారు.

పాడుతూనే బాణీలు కట్టడం తెలుగులో కొత్త కాదు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రాల నాటికే ఘంటసాల రెండు పాత్రలూ పోషించారు. అయితే బాలు స్వరకర్తగా మారేసరికే గాయకుడిగా తీరిక లేకుండా ఉన్నారు.

బాపు ‘తూర్పు వెళ్లే రైలు’ (1979), జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’ (1987), ‘వివాహ భోజనంబు’ (1988) చిత్రాలకు ఆయనే సంగీతం అందించారు. తమిళంలో రజనీకాంత్ నటించిన ‘తుడిక్కుం కరంగళ్’ (1983) కూడా ఆయనదే. నర్తకి సుధా చంద్రన్ జీవితం ఆధారంగా సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘మయూరి’కి (1985) ఉత్తమ సంగీత దర్శకుడిగా నంది పురస్కారం దక్కింది. నృత్యమే కథకు ప్రాణమైన సినిమాలో సంగీతానికి వచ్చిన గుర్తింపు అది.

తన బాణీలన్నీ తానే పాడుకోవాలన్న పట్టుదల ఆయనకు లేదు. తానే సంగీత దర్శకుడి పాత్ర పోషించి, సంగీతమూ అందించిన తమిళ చిత్రం ‘సిగరం’లో (1991) ఒక ముఖ్యమైన పాటను కె.జె. ఏసుదాసుతో పాడించారు.

మరి ఈ ప్రయాణం ఎందుకు ముందుకు సాగలేదు? ప్రతిభ చాలక అనడానికి ‘మయూరి’ అడ్డొస్తుంది. పనితీరులోని తేడాయే అసలు కారణంగా కనిపిస్తుంది. సంగీత దర్శకుడు ఒక సినిమాకు బాణీల కూర్పు మొదలు నేపథ్య సంగీతం వరకు వారాల తరబడి సమయం ఇవ్వాలి. అదే కాలంలో గాయకుడు ఎందరికో పాడగలడు. 1981లో ఉపేంద్రకుమార్ కోసం బాలు ఒకే రోజు 21 కన్నడ పాటలు పాడినట్లు ప్రసిద్ధి. అంత గిరాకీ ఉన్న గొంతును పక్కనపెట్టి హార్మోనియం ముందు కూర్చోవడం తేలిక కాదు.

2020 సెప్టెంబరు 25న బాలు కన్నుమూశారు. ఆయనకు వచ్చిన ఆరు జాతీయ పురస్కారాలూ గానానికే. స్వరకర్తగా ఆయన స్థానాన్ని తేల్చాలంటే ఆ చిత్రాల పాటలను మళ్లీ వినాల్సిందే.